రెండో పిలుపు

ఫిబ్రవరి 3

పిన్నికి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఆ, ఆ, సరే" అని పెట్టేస్తావు. నీకంటే మా స్టోర్ లిఫ్టు నయం, ఏ అంతస్తులో ఉన్నామో అయినా చెబుతుంది. అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి ముందు చెప్పేస్తాను. నన్ను హెడ్డాఫీసుకి తీసుకున్నారు! రెండేళ్లు గిన్నెల విభాగంలో ఏ గిన్నెకి ఏ మూతో వెతికిపెట్టినందుకు ఫలితం దక్కింది. నేనున్న చోటుని సేవా ప్రమాణాల విభాగం అంటారు. కంపెనీ స్టోర్లన్నిటిలో పనివాళ్లు కొనేవాళ్లతో ఎలా మెలుగుతున్నారో చూసి మార్కులు వేయడం మా పని. మా పై అధికారి ఒక పెద్దావిడ. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, ఆ నవ్వు చూస్తే నేను మాత్రం చేతిలో కాగితాలు ఇంకోసారి సరిచూసుకుంటాను. మూడు నెలల్లో నా పని నచ్చకపోతే మళ్లీ మూతల దగ్గరికే పంపేస్తుందట.

మనసుపెట్టి పనిచేసేవాళ్లెవరో, మొక్కుబడిగా చేసేవాళ్లెవరో ఒక్క చూపులో తెలిసే పద్ధతి ఏదైనా నెలాఖరులోగా చెప్పమంది. రెండు రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. చివరికి నువ్వు గుర్తొచ్చావు. ఇదే కంపెనీలో పందొమ్మిదేళ్లుగా కర్టెన్ గుడ్డలు కొలిచి ఇస్తున్నావు, నీకు తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది? చెప్పు పిన్నీ.

ఇక్కడ నా గదికి ఒక్కటే కిటికీ. దానికున్న కర్టెన్ సగం దాకానే వస్తుంది. నువ్వు చూస్తే ముందు దాన్ని తిట్టి తర్వాత నన్ను తిడతావు.

నీ మిడత


ఫిబ్రవరి 12

మిడతా,

హెడ్డాఫీసు అన్న మాట దగ్గర ఆగి, ఉత్తరం మళ్లీ మొదటి నుంచీ చదివాను. మీ అమ్మ ఉంటే వీధి వీధంతా చెప్పొచ్చేది. అక్క లేదు కాబట్టి ఆ పని నేనే చేశాను. పక్కింటి టీచరమ్మకి చెప్పాను, మందుల షాపతనికి చెప్పాను, బస్సులో ముక్కూ మొహం తెలియని ఇద్దరికి కూడా చెప్పాను. అందులో ఒకావిడ "మీ అమ్మాయా?" అంది. అవునన్నాను. అక్క పోయినప్పటి నుంచీ పెంచినదాన్ని, ఆ మాత్రం అనుకునే హక్కు లేదా నాకు?

నువ్వడిగినదానికి చెబుతాను విను. మొహం చూడకు, నవ్వు ఎవరైనా అతికించుకోవచ్చు. మాటలూ చూడకు, కంపెనీ నేర్పినవి చిలకల్లా అప్పజెబుతారు. మనిషి వెనక్కి తిరిగి సరుకు సర్దుకుంటున్నప్పుడు మామూలు గొంతుతో పిలిచి చూడు. మొదటి పిలుపుకే తిరిగితే మనసు అక్కడే ఉన్నట్టు. రెండో పిలుపు కూడా అయ్యాక తిరిగితే చేతులొక్కటే అక్కడున్నట్టు. కొనడానికొచ్చిన మనిషి రెండోసారి పిలవాల్సి వస్తే చిన్నబోతుంది. నేను ఎవరిచేతా రెండోసారి పిలిపించుకోలేదు. గొప్పకి చెప్పడం లేదు, అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఫోన్ సంగతి దెప్పకు. అది పాతబడింది, అవతలి మనిషి బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఫోన్ ఒక్కటే కాదులే. మొన్న కుళాయి కట్టడం మరిచిపోతే నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి, టీచరమ్మ వచ్చి చూపించేదాకా నాకు తెలియనే లేదు. కొత్తగా వచ్చిన గుడ్డ చింపుతుంటే పక్కగదిలో ఎవరో చింపుతున్నట్టుంటోంది. ఇప్పటి గుడ్డల్లో పస లేదు.

నువ్వు స్కూల్లో జడకి కట్టుకున్న ఎర్ర రిబ్బన్ ఇంకా ఉంది. కత్తెర దానికే కట్టి మెడలో వేసుకుంటున్నాను. కంపెనీ నల్లతాడు మా మేనేజరు ఇచ్చాడు కానీ సొరుగులో పడేశాను. ఆయన్ని మేం గడియారం అంటాం, మనిషితో మాట్లాడుతున్నంతసేపూ తన మణికట్టు వైపే చూస్తుంటాడు.

కిటికీ కొలత పంపు. అంచు మడవడానికి నాలుగు వేళ్లు ఎక్కువే వెయ్యి.

నీ పిన్ని


మార్చి 22

పిన్నీ, పిన్నీ, పిన్నీ!

నెగ్గింది! నువ్వు చెప్పిన మాట చెప్పానో లేదో, పెద్దావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ పద్ధతికి "రెండో పిలుపు" అని పేరు కూడా పెట్టేశారు. నాకు సొంత బల్ల ఇచ్చారు, మూతల దగ్గరికి ఇక వెళ్లక్కర్లేదు.

ఎలాగంటే, కొనేవాళ్లలాగే మా మనుషులు స్టోర్లకి వెళ్తారు. వెనకనుంచి పిలుస్తారు. రెండోసారి పిలిచినా తిరగకపోతే షీట్‌లో "నిర్లక్ష్యం" అన్న గడిలో టిక్కు పెడతారు. నెలలో మూడు టిక్కులు పడితే ఉద్యోగం పోతుంది. ఆ ముక్క నేను పెట్టింది కాదు, పెద్దావిడ కలిపింది. షీట్ల మీద పేర్లుండవు, పనివాళ్ల నంబర్లే ఉంటాయి. ఏ ఊరి స్టోరో కూడా కనపడకుండా కాగితం అంటించి ఇస్తారు. తెలిసినవాళ్లని వెనకేసుకురావడం ఉండకూడదని అది నేనే అడిగి పెట్టించాను. చివరి సంతకం నాది.

నీ పేరు చెప్పలేదు, ఏమనుకోకు. బంధువులు ఇదే కంపెనీలో ఉన్నారంటే ఇక్కడ వెంటనే అనుమానంగా చూస్తారు.

ఇంకో మంచి మాట. మీ స్టోర్లో గుడ్డల విభాగానికి జూన్‌లో సూపర్‌వైజర్ పోస్టు తీస్తున్నారు. పాతవాళ్లకే ఇస్తారట. వెంటనే దరఖాస్తు పెట్టు. మొహమాటపడ్డావంటే ఊరుకోను.

కిటికీ కొలత వెనక పేజీలో ఉంది. నాలుగు వేళ్లు వేశాను, అయితే నీ వేళ్లు కాదు, నావి.

నీ మిడత


ఏప్రిల్ 6

మిడతా,

నీ రెండో పిలుపు మా స్టోర్‌కి వచ్చేసింది. టీ తాగే గదిలో నిలువెత్తు బొమ్మ అంటించారు, ఒక అమ్మాయి మెడ విరిగిపోయేంతగా వెనక్కి తిరిగి నవ్వుతుంటుంది. ఇప్పుడు అందరికీ అదే ఆట. టీ పోసుకుంటుంటే వెనకనుంచి "ఏవండీ" అంటారు, గిరుక్కున తిరుగుతారు, నవ్వుకుంటారు. నిన్న బిల్లులు కొట్టే ఆమె టీ అంతా మీద పోసుకుంది.

దరఖాస్తు పెట్టాను. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఏదైనా అడగడం. గడియారం తీసుకుని "చూద్దాం" అన్నాడు, నావైపు కాదులే. ఎందుకు పెట్టానో నీకొక్కదానికే చెబుతున్నాను. సూపర్‌వైజర్‌కి ఒక బల్ల ఉంటుంది, బల్ల వెనకాల గోడ ఉంటుంది. ఎవరొచ్చినా ఎదురుగానే రావాలి. ఆ మాట తలుచుకుంటేనే ప్రాణం లేచొస్తోంది.

ఇంకొకటి అడగాలి. మా దగ్గర ఒకామె ఉంది. ఈ మధ్య ఆమెకి సరిగా వినపడడం లేదు. డాక్టరు నరం దెబ్బతిందన్నాడట, వినికిడి ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదన్నాడట. చెవిలో పెట్టుకునే మిషను కూడా ప్రయత్నించింది, స్టోర్లో పాటల హోరు తప్ప ఇంకేమీ వినపడలేదట. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అంతా పట్టేస్తుంది. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆమెకి మీ పద్ధతిలో ఎక్కడైనా కాస్త చోటుందా? నా పేరు పెట్టి ఎవరినీ అడగొద్దు. నీకు తెలిసింది చెప్పు చాలు.

గుడ్డ తీశాను. నీలంలో సన్న చారలు. నీకు చారలు ఇష్టం లేదని తెలుసు, కిటికీకి బాగుంటాయి.

నీ పిన్ని


ఏప్రిల్ 17

పిన్నీ,

క్యాంటీన్లో కూర్చుని గబగబా రాస్తున్నాను. ఇక్కడి టీ గురించి చెప్పకపోవడమే మంచిది.

ఆ వినపడనామె గురించి. నిజం చెప్పనా? అలాంటిది ఉన్నప్పుడు తనే ముందుగా చెప్పుకోవాలి. చెప్పకుండా కౌంటర్లో నిలబడితే అది దాచడమే, దాచడం నిర్లక్ష్యం కంటే పెద్ద తప్పు. చెబితే గోదాములో పెట్టెలు సర్దే పనిలో వేస్తారు, అక్కడ పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకరి కోసం సడలిస్తే రేపు ప్రతివాళ్లూ వినపడలేదనే అంటారు. మొన్న సమావేశంలో ఇదే ప్రశ్న వస్తే నేను ఇలాగే చెప్పాను, పెద్దావిడ రాసుకుంది కూడా.

నువ్వు అందరి బరువూ నెత్తిన వేసుకోకు. సూపర్‌వైజర్ అయ్యేదానివి, ఇలాంటివాళ్లని వెనకేసుకొస్తే నీకే దెబ్బ.

చారలా? సరేలే.

మిడత


మే 11

మిడతకి,

నువ్వు రాసింది ఆమెకి చెప్పాను. గోదాముకి మాత్రం వెళ్లనంది. అక్కడ కిటికీలుండవు, రోజంతా మనిషి మొహం కనపడదు. వినపడకపోయినా పరవాలేదు కానీ కనపడకపోతే బతకలేనంది.

వెనకనుంచి వచ్చేవాళ్లు కనపడతారని ఆమె కౌంటర్ మీద చిన్న అద్దం పెట్టుకుంది. పది రోజులు బాగానే గడిచింది. తర్వాత గడియారం చూసి, "సోకులు ఇంటి దగ్గర చేసుకోండి" అని అందరి ముందూ తీసేయించాడు. ఆమె తల వంచుకుని అద్దం సంచీలో పెట్టేసుకుంది.

నా కౌంటర్‌కి మంగళవారం ఒకతను వచ్చాడు. నేను నిచ్చెన మీదుండి పైవరస సర్దుతున్నాను. దిగి చూస్తే మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడు కిటికీలకి గుడ్డ కొలిపించాడు, ఏమీ కొనలేదు. వెళ్తూ జేబులోంచి కాగితం తీశాడు. నేను కొలిచిన గుడ్డే మళ్లీ కొలుచుకుంటూ నిలబడ్డాను.

నువ్వొకసారి రాకూడదూ? ఒక్క పూటకైనా సరే. రాతలో చెప్పలేనివి కొన్నుంటాయి.

పిన్ని


మే 30

పిన్నీ,

కోప్పడకు, ఈ నెల కుదరదు. నిన్న ఒక్కరోజే అరవై షీట్ల మీద సంతకం చేశాను. చివర కుడివైపు రిమార్కులని ఒక గడి ఉంటుంది, మా మనుషులు అందులో ఏవేవో రాస్తారు, చదువుతూ కూర్చుంటే తెల్లారినట్టే. టిక్కులు లెక్కపెట్టుకుంటూ పోయాను. వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి.

కొనేవాళ్లలో రకరకాలుంటారు, కొనకుండా పోయినవాడి గురించి నువ్వు బెంగపడడమేమిటి? నిన్ను ఎవరైనా రెండోసారి పిలవాల్సొచ్చిందా ఎప్పుడైనా? జూలైలో మీ స్టోర్‌కే పని మీద వస్తున్నాను. అప్పటికి నువ్వు బల్ల వెనకాల కూర్చుని ఉంటావు. నేను ఎదురుగా వచ్చి సెల్యూట్ కొడతాను.

మిడత


జూన్ 17

అమ్మాయికి,

నీ సంతకం చూశాను. పలక మీద నేను దిద్దించిన అక్షరాలే, చివర ఆ తోక అలాగే ఉంది. బాగుంది.

సూపర్‌వైజర్ పోస్టు సంగతి ఇక చూడనక్కర్లేదు. ఇంట్లో నాకు పని చాలానే ఉంది. ఆ వినపడనామె సంగతి కూడా తేలిపోయింది, ఇక అడగను.

ఆరోగ్యం చూసుకో.

పిన్ని


జూన్ 25

పిన్నికి,

నీ నాలుగు ముక్కల ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మనసులో ఏదో పెట్టుకుని రాశావు. "సంతకం బాగుంది" అంటే నాకు అర్థం కాదనుకున్నావా? అన్ని స్టోర్లకీ నా సంతకంతో సర్క్యులర్ వెళ్లింది, అది చూసి ఉంటావు. నిన్నటిదాకా నీ దగ్గర జడ వేయించుకున్న పిల్ల సంతకం గోడకెక్కితే నీకు కష్టంగా ఉన్నట్టుంది. నువ్వు పందొమ్మిదేళ్లు ఒకే కౌంటర్లో ఉండిపోయావు, నేను రెండేళ్లలో ఇక్కడికొచ్చాను. అది నా తప్పా?

పోస్టు వద్దనుకుంటే ముందే చెప్పాల్సింది. నీకది రావాలని నేను ఎంత ఆశపడ్డానో నీకు తెలియదు.

జూలై 18న వస్తున్నాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు.

మీ అక్క కూతురు


జూలై 20

పిన్నీ,

నాలుగు కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పద్దెనిమిదిన పొద్దున్నే స్టోర్ కంటే ముందు ఇంటికే వచ్చాను. తలుపు కొట్టాను. ఎంతకీ తీయకపోతే పక్కకొచ్చి కిటికీలోంచి చూశాను. నువ్వు వీపు ఇటు పెట్టి మిషను ముందు కూర్చున్నావు. ఏదో నీలం గుడ్డ కుడుతున్నావు. "పిన్నీ" అన్నాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి వీధిలో వాళ్లంతా చూసేంత గట్టిగా పిలిచాను. నువ్వు దారం కొరికి ఇంకో కుట్టు మొదలుపెట్టావు. నామీద అంత పంతమా అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఇంక ఈ గుమ్మం తొక్కనని మనసులో ఒట్టు పెట్టుకుని వచ్చేశాను.

స్టోర్‌కెళ్తే కర్టెన్ల దగ్గర ఎవరో కొత్తమ్మాయి. బిల్లులు కొట్టే ఆవిడని అడిగాను. నేనెవరో తెలియక చెప్పేసింది. "ఆవిడని జూన్‌లోనే తీసేశారండీ. మూడు టిక్కులు పడ్డాయి. పాపం, చెవులు వినపడవు. మాకందరికీ తెలుసు, ఎవరం చెప్పలేదు. వెనకనుంచి ఎవరైనా వస్తుంటే మేమే ఎదురుగా చెయ్యి ఊపి సైగ చేసేవాళ్లం. ఆ మూడుసార్లూ మేం చూసుకోలేదు."

మళ్లీ ఇంటికి రావాల్సింది. సగం దారి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని రానని వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.

నిన్న ఆ షీట్లు తీయించాను. రిమార్కుల గడిలో ఉంది. "మెడలో ఎర్ర రిబ్బన్‌తో కత్తెర. యూనిఫాంకి విరుద్ధం. నిచ్చెన మీద ఉన్నారు. మూడుసార్లు పిలిచాను." కింద నా సంతకం. ఆ రిబ్బన్ నాది పిన్నీ. ఆ గడి ఒక్కటి చదివి ఉంటే చాలు, తెలిసిపోయేది.

పెద్దావిడ దగ్గరికెళ్లి నువ్వెవరో చెప్పాను. ఆమె నవ్వుతూనే ఒక కాగితం తీసి చదివింది. "చెప్పకుండా కౌంటర్లో నిలబడితే అది దాచడమే, దాచడం నిర్లక్ష్యం కంటే పెద్ద తప్పు." ఎవరి మాటలో గుర్తుపట్టావా అంది. అదే మాట నీకూ రాశాను. ఒకామె అంటే నువ్వేనని నాకెందుకు తట్టలేదు? కుళాయి, ఫోను, గుడ్డ చింపిన చప్పుడు, అన్నీ నువ్వు రాస్తూనే ఉన్నావు. నేను నవ్వుకుని పక్కన పెట్టేశాను.

షీట్ మార్చడం కుదరదట. అందులో ఉన్నవి రెండే గడులు, "శ్రద్ధ", "నిర్లక్ష్యం". ఆ షీట్ గీసింది నేనే. రేపు రాజీనామా ఇచ్చేస్తాను. నన్ను తిట్టు పిన్నీ, ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

మిడత


జూలై 27

మిడతా,

తిట్టమన్నావు కాబట్టి ముందు ఆ పని చేస్తాను. మూడు టిక్కుల కింద నీ సంతకం చూసిన రోజు, పేర్లుండవని నువ్వు రాసినా, నీకు తెలిసే పెట్టావనుకున్నాను. ఒకామె అంటే నేనేనని నీకెప్పుడో అర్థమై ఉంటుంది, నా అడ్డు తొలగిపోతుందని కానిచ్చేశావనుకున్నాను. నెలరోజులు అలాగే అనుకుంటూ తిన్నాను, అలాగే అనుకుంటూ పడుకున్నాను. ఉద్యోగం పోయినదానికంటే అది ఎక్కువ కోసింది. నిన్ను పెంచడంలో ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కున్నాను.

నా తప్పూ ఉంది. నాకు చెవుడొచ్చిందే అని ఒక్క ముక్క రాస్తే పోయేది. అసలే హెడ్డాఫీసులో కొత్తగా చేరిన పిల్ల, నా కోసం ఎక్కడ ఇరుక్కుంటుందోనని ఒకటి, సిగ్గు ఒకటి. ఫిబ్రవరిలో ఎవరిచేతా రెండోసారి పిలిపించుకోలేదని నీకు గొప్పగా రాశాను చూడు, అప్పటికే బిల్లులావిడ చెయ్యి ఊపితే తిరుగుతున్నాను. అబద్ధం రాశాను. ఆ అబద్ధం మీద నువ్వు పద్ధతి కట్టావు.

రాజీనామా ఇచ్చి ఉంటే సరే. ఇవ్వకపోతే ఇవ్వకు. నువ్వు లేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని రిమార్కులు చదవకుండానే సంతకాలు పెడతారు. నువ్వు ఇకమీద చదవకుండా పెట్టలేవు.

నా ఉద్యోగం తిరిగి ఇప్పించొద్దు. ఇప్పించినా ఆ నిచ్చెన ఎక్కను, ఆ బొమ్మ ముందు టీ తాగను. ఒక్కటి మాత్రం చెయ్యి. పందొమ్మిదేళ్ల తర్వాత నా కాగితం మీద మిగిలిన మాట "నిర్లక్ష్యం". అది కొట్టేయించి చెవుడు అని రాయించు. ఆ మాట ఎక్కడ బయటపడుతుందోనని ఏడాది పాటు వణికాను, ఇప్పుడు అదే కావాలని అడుగుతున్నాను. రెండు గడులే ఉంటే మూడోది గీయి. గీయనివ్వకపోతే అడిగానని, వాళ్లు కాదన్నారని వచ్చి చెప్పు. నేను ఒప్పుకుంటాను.

ఆ రోజు కుడుతున్నది నీ కర్టెనే. కోపంతో మూలన పడేసి, నెల తర్వాత మళ్లీ తీశాను. పూర్తయింది. పోస్టులో పంపను, వచ్చి తీసుకెళ్లు.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. తలుపుకి గొళ్లెం పెట్టను. గుమ్మం దగ్గర నిలబడి పిలవకు. లోపలికొచ్చి, ఇటు తిరిగి, నాకెదురుగా నిలబడు.

నీ పిన్ని